బయటి రాష్ట్రాల విద్యార్థుల డబ్బు మన బస్తీలో ఎంత మిగులుతుంది? లెక్క కట్టే పద్ధతి

బయటి రాష్ట్రాల విద్యార్థుల వల్ల హైదరాబాద్‌లోని కోచింగ్ ప్రాంతాలైన అమీర్‌పేటకో అశోక్‌నగర్‌కో ఎంత ఆదాయమని అడిగితే చాలామంది వేసే లెక్క ఒకటే: తలకు నెల ఖర్చు ఎంతో చూసి, దాన్ని విద్యార్థుల సంఖ్యతో గుణించడం. అలా వచ్చేది వాళ్ల జేబులోంచి పోయిన డబ్బు. బస్తీలో మిగిలేది అందులో సగమే కావచ్చు. వర్తక సంఘం వాళ్లో, ఎకనామిక్స్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులో నలుగురైదుగురు కూడితే సరైన లెక్క తేల్చడం కష్టమేమీ కాదు.

మొదట హద్దు గీయండి

లెక్క హైదరాబాద్‌కా, తెలంగాణకా? వరంగల్ అమ్మాయి ఇక్కడ పెట్టే ఖర్చు హైదరాబాద్‌కు కొత్త డబ్బే, తెలంగాణకు మాత్రం కాదు. వరంగల్ అంగళ్లలో పడాల్సింది ఇక్కడ పడింది, అంతే. విజయవాడ అబ్బాయి ఖర్చు 2014 జూన్ 2 నుంచి రెండింటికీ కొత్త డబ్బు. రెండు లెక్కలూ కలిపేస్తే ఏదీ నిలవదు.

కాలేజీ రికార్డుల్లోని ‘లోకల్’, ‘నాన్ లోకల్’ మాటలను నమ్ముకోవద్దు. రాజ్యాంగం 371డి అధికరణం కింద వచ్చిన నిబంధనల్లో స్థానికత ప్రధానంగా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి తేలుతుంది. తండ్రి గుంటూరులో ఉన్నా చిన్నప్పటి నుంచి ఇక్కడే హాస్టల్లో చదివిన పిల్లవాడు కాగితం మీద లోకలే. అందుకే ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: ‘నెలనెలా మీ ఖర్చులకు డబ్బు ఎవరు పంపుతారు, ఏ ఊరి నుంచి?’ ఇక్కడే పార్ట్‌టైమ్ పని చేసి సంపాదించుకున్నది కొత్త డబ్బు కాదు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పూ కాదు. పరిశోధక విద్యార్థులకు కేంద్రం ఇచ్చే జేఆర్‌ఎఫ్ లాంటి ఫెలోషిప్ అయితే కొత్త డబ్బే. గచ్చిబౌలి వైపు కేంద్రీయ విశ్వవిద్యాలయం పరిశోధక విద్యార్థులను లెక్కించేటప్పుడు ఈ తేడా బాగా కనిపిస్తుంది.

తలలు లెక్కపెట్టడం

యూనివర్సిటీలు, ఇంజినీరింగ్ కాలేజీల విషయంలో ఒక మంచి దారి ఉంది. కేంద్ర విద్యాశాఖ విద్యాసంస్థలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కు దరఖాస్తు చేసిన సంస్థలు తాము సమర్పించిన వివరాలను సొంత వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో కోర్సుల స్థాయిని బట్టి రాష్ట్రంలోని వాళ్లెందరు, బయటి రాష్ట్రాల వాళ్లెందరు, విదేశీయులెందరు అని విడివిడిగా ఉంటుంది. జీతాలకూ నిర్వహణకూ ఎంత ఖర్చయిందో కూడా దొరుకుతుంది.

కోచింగ్ ప్రాంతాల్లో అలాంటి పట్టిక ఉండదు. అక్కడ మంచాలు లెక్కపెట్టాలి. వీధివీధీ తిరిగి ప్రతి హాస్టల్లో టూ షేరింగ్, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్ గదులు ఎన్నో రాసుకోండి. నిండినవి ఎన్ని అని యజమానిని అడిగితే పన్ను భయంతో తగ్గించి చెప్పే అవకాశం ఎక్కువ. వారం మధ్యలో రాత్రి భోజనానికి ఎన్ని ప్లేట్లు లేస్తాయో వంటమనిషిని అడగండి, ఆ అంకెతో సరిచూసుకోండి. రెండింటి మధ్య పదో వంతుకు మించి తేడా వస్తే ఆ హాస్టల్‌కు మళ్లీ వెళ్లాలి.

సమయం కూడా ముఖ్యం. సంక్రాంతికి ఆంధ్ర విద్యార్థుల గదులు ఖాళీ అవుతాయి, దసరాకు అన్నీ పలచబడతాయి. ఉద్యోగ నోటిఫికేషన్ పడిందంటే అశోక్‌నగర్, చిక్కడపల్లిలో మంచం దొరకదు. ఒక్కసారి లెక్కపెట్టి పన్నెండుతో గుణిస్తే తప్పు ఖాయం. ఆగస్టులో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి లెక్కపెట్టి, విద్యార్థి ఏడాదికి ఎన్ని నెలలు ఇక్కడ ఉంటాడో విడిగా అడగండి.

ఖర్చు రాబట్టడం

200 మందిని అడిగితే శాతాల్లో సుమారు 7 పాయింట్లు, 400 మందిని అడిగితే 5 పాయింట్లు అటూ ఇటూ తేడా వచ్చే వీలుంది. అదీ మనుషులను చీటీలు తీసినట్టు ఎంచుకుంటేనే. ఒకే మెస్సు ముందు నిలబడి దొరికిన వాళ్లనల్లా అడిగితే 400 మందైనా దండగే. క్యాంపస్ హాస్టల్, ప్రైవేటు హాస్టల్, ఫ్లాట్ అద్దెకు తీసుకున్నవాళ్లు అని విడదీసి, ప్రతి గుంపు నుంచీ దాని వాటా ప్రకారం తీసుకోండి.

‘నెలకు ఎంత ఖర్చవుతుంది?’ అని అడగొద్దు. ఇంట్లో చెప్పే అంకె చెబుతారు. ఫోన్‌పే, గూగుల్ పేలో గత 30 రోజుల చెల్లింపులను వాళ్లనే చూసి పద్దులుగా విడగొట్టి చెప్పమనండి. ఫోన్ మీరు చేతిలోకి తీసుకోవద్దు. టిఫిన్, ఆటో, చాయ్ లాంటి నగదు ఖర్చులకు వారం రోజుల పాటు చిన్న కాగితం మీద రాయించండి. హాస్టల్ అడ్వాన్సులో తిరిగి వచ్చే భాగం ఖర్చు కాదు, మెయింటెనెన్స్ కింద కోసుకునేదే ఖర్చు.

అమ్మాయిల ప్రయాణ ఖర్చును విడిగా తీయండి. 2023 డిసెంబర్ 9న మొదలైన ఉచిత బస్సు ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్న మహిళలకే. కేరళ అమ్మాయి టికెట్ కొనాల్సిందే. స్థానిక అమ్మాయిల సగటు తెచ్చి ఇక్కడ అతికిస్తే లెక్క తప్పుతుంది.

కారిపోయేది ఎంత?

అసలు పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. హాస్టల్ నడిపేవాళ్లు భవనాన్ని లీజుకు తీసుకోవడం మామూలు. విద్యార్థి కట్టే సొమ్ములో కొంత భవన యజమానికి, కొంత సరుకులకు, కొంత పనివాళ్లకు, మిగిలింది నిర్వాహకుడికి పోతుంది. యజమాని ఇదే నగరంలో ఉంటే అద్దె నిలిచినట్టు, అమెరికాలో ఉంటే పోయినట్టు. వంటవాళ్లు జీతంలో సింహభాగం ఒడిశాకో బెంగాల్‌కో పంపితే అదీ పోయినట్టే. ప్రతి రకం వ్యాపారంలో కనీసం పది మందిని కూర్చోబెట్టి, వచ్చిన 100 రూపాయల్లో నగరంలో ఎన్ని ఆగుతున్నాయో విడమరిచి అడగండి. మొబైల్ రీచార్జిలో ఆగేది దాదాపు ఏమీ ఉండదు. బట్టల కొట్టులో అమ్మేవాడి లాభం తప్ప మిగతాదంతా సరుకు తయారైన ఊరిదే.

పద్ధతి తెలియడానికి ఊహాసంఖ్యలతో ఒక లెక్క. 1,000 మంది, 10 నెలలు. ఒక్కొక్కరి నెల ఖర్చు, కుండలీకరణంలో నగరంలో ఆగేది: భోజనంతో హాస్టల్ 7,000 (4,200), బయటి తిండి 2,000 (1,200), ప్రయాణం 1,000 (700), రీచార్జి 300 (15), పుస్తకాలు, జిరాక్స్ 500 (200), బట్టలూ వగైరా 1,200 (300), ఆన్‌లైన్ ఆర్డర్లు 1,000 (100). ఖర్చు 13,000, ఆగేది 6,715. ఏడాదికి చూస్తే ఖర్చు 13 కోట్లు, నిలిచేది 6.72 కోట్లు.

చదువు లేకపోయినా ఉద్యోగం కోసమో, బంధువులున్నారనో ఎలాగూ హైదరాబాద్ వచ్చేవాళ్లను తీసేయాలి. ‘ఇక్కడ సీటు రాకపోతే ఎక్కడ ఉండేవారు?’ అన్న ప్రశ్నకు జవాబు ఆ శాతాన్ని ఇస్తుంది. 20 శాతం అనుకుంటే మిగిలేది 5.37 కోట్లు.

ఈ డబ్బు అందుకున్నవాళ్లు మళ్లీ ఇక్కడే కొంత ఖర్చు పెడతారు. ప్రతి రూపాయిలో 35 పైసలు నగరంలో మళ్లీ తిరిగితే గుణకం 1 ÷ (1 − 0.35), అంటే 1.54. చివరి అంకె సుమారు 8.26 కోట్లు. తిరుగుడంతా కలిపినా మొదటి 13 కోట్లను అందుకోలేదని గమనించండి. దేశం మొత్తానికి వేసిన గుణకాన్ని తెచ్చి ఒక బస్తీకి వాడొద్దు. హద్దు చిన్నదయ్యేకొద్దీ డబ్బు త్వరగా బయటికి జారుతుంది.

ఫీజులకు వేరే పద్దు పెట్టండి. ఫీజు లెక్కలోకి తీసుకుంటే అధ్యాపకుల జీతాలను మళ్లీ కలపకూడదు, ఒకే రూపాయి రెండుసార్లు వస్తుంది.

పన్ను, భారం

రాష్ట్ర ఖజానాకు వచ్చేది అనుకున్నంత ఉండదు. 2024 జులైలో అమలైన మార్పు ప్రకారం, విద్యార్థి కనీసం 90 రోజులు వరసగా ఉంటే, నెలకు మనిషికి 20,000 రూపాయల దాకా హాస్టల్ వసతికి జీఎస్టీ లేదు. గుర్తింపు ఉన్న విద్యాసంస్థల ఫీజులకూ లేదు. ప్రైవేటు కోచింగ్ ఫీజు మీద 18 శాతం ఉంది, అందులో సగం రాష్ట్రానిది. మామూలు హోటల్లో 5 శాతం. చిన్న కర్రీ పాయింట్లలో చాలావరకు జీఎస్టీ పరిధిలోకే రావు.

ఇంకో పేజీలో భారం రాయండి. వేసవిలో హాస్టళ్లు తెప్పించే నీళ్ల ట్యాంకర్లు, పొంగే మ్యాన్‌హోళ్లు, చెత్త, ఇళ్లన్నీ హాస్టళ్లుగా మారాక మామూలు కుటుంబం కట్టాల్సిన అద్దె. ఐదేళ్ల కిందటి అద్దె, ఇప్పటి అద్దె అదే వీధిలో 20 ఇళ్లకు అడిగి రాసుకోండి, హాస్టళ్లు లేని పక్క వీధిలోనూ 20 అడగండి. పెరుగుదలలో ఆ రెంటి తేడానే హాస్టళ్ల ఖాతాలో వేయాలి, మొత్తం పెరుగుదలను కాదు. ఈ భారాన్ని కోట్ల అంకెలోంచి తీసివేయొద్దు, పక్కన పెట్టి చూపండి. అద్దె పెరిగితే ఇంటాయనకు లాభం, అద్దెకున్నవాళ్లకు నష్టం. రెండూ ఒకే గంపలో వేస్తే ఎవరి కష్టం ఎంతో కనిపించదు.

నివేదికలో ఒక్క అంకె ఇవ్వకండి. నిలిచే శాతాన్ని పది పాయింట్లు తగ్గించి ఒకసారి, పెంచి ఒకసారి లెక్క వేసి మూడు అంకెలూ అచ్చు వేయండి, ప్రశ్నావళిని చివర జతచేయండి.