ఇంజన్ పాఠాలు – 6: వాటర్ పంప్ పోయింది, ఇంజన్ సంగతేంటి?

ఇంజన్‌ను చల్లబరిచే మందు కలిపిన నీళ్లను, అంటే కూలెంట్‌ను, ఇంజన్‌లో తిప్పేది వాటర్ పంప్. పోయిన పాఠంలో ఆ పంప్ చెడిపోతోందని ముందే పసిగట్టడం చూశాం: పంప్ కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ మరక, బేరింగ్ గరగర. ఈసారి ఆ సూచనలు ఎవరూ పట్టించుకోలేదనుకుందాం.

మే నెల మధ్యాహ్నం. జనగామ దాటి హన్మకొండ వైపు వస్తున్నారు. రఘునాథపల్లి దగ్గర టెంపరేచర్ సూది ఎర్రగీతకు తగిలింది. 'స్టేషన్ ఘన్‌పూర్ దాకా లాగిద్దాం, అక్కడ మెకానిక్ దొరుకుతాడు' అనుకున్నారు. ఇంజన్‌కు దెబ్బ తగిలేది సరిగ్గా ఆ లాగించే దూరంలోనే. సూది ఎక్కగానే పక్కకు ఆపినవాళ్లు చాలాసార్లు పంప్, కూలెంట్ ఖర్చుతో బయటపడతారు.

అందుకే బానెట్ ఎత్తకముందే డ్రైవింగ్ చేసినవాళ్లను అడగండి. ఎర్రగీత మీద ఎంతసేపు నడిచింది? పికప్ తగ్గిందా? టకటకమని చప్పుడు వచ్చిందా? దానంతట అదే ఆగిపోయిందా? 'మధ్యలో సూది కిందికి దిగింది, చల్లబడిందనుకున్నా' అంటే మాత్రం అనుమానం పెంచుకోవాలి. సెన్సర్ చుట్టూ కూలెంట్ ఉంటేనే సరైన వేడి చూపిస్తుంది. నీళ్లన్నీ పోయి సెన్సర్ ఖాళీలో మిగిలితే, ఇంజన్ కాలిపోతున్నా సూది దిగవచ్చు.

బండి పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. కాలుతున్న ఇంజన్‌లో చల్లటి బోరు నీళ్లు పోసినా ముప్పే, హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండే భాగం) చీలవచ్చు.

చల్లారాక ముందు పంప్‌ను తిప్పే బెల్ట్ ఏదో చూడండి. బయటి బెల్ట్ తెగి ఉంటే బ్యాటరీ లైటు కూడా వెలిగి ఉంటుంది. కొన్ని ఇంజన్లలో పంప్‌ను టైమింగ్ బెల్టే (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్ట్) తిప్పుతుంది. అక్కడ పంప్ జామ్ అయితే బెల్ట్ పళ్లు జారి, వాల్వులు పిస్టన్లకు తగిలి వంగవచ్చు. ఈ రకమైతే టైమింగ్ గుర్తులు సరిచూసేదాకా సెల్ఫ్ కొట్టొద్దు.

తర్వాత డిప్‌స్టిక్. ఆయిల్ పాలెక్కువైన చాయ్ రంగులో ఉంటే కూలెంట్ కలిసినట్టే. ఇక స్టార్ట్ చేయకూడదు. ఆయిల్ పోసే మూత లోపల కొంచెం తెల్లటి జిగురు కనిపిస్తే మాత్రం అప్పుడే టెన్షన్ పడకండి. దగ్గర దూరాలే తిరిగే బండ్లలో చెమ్మ వల్ల కూడా అలా పడుతుంది. ఆయిల్ మాడు వాసన వస్తే పారబోసి కొత్తది పోయాలి.

పెట్రోల్ బండి అయితే స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పండి. మిగతావి మసిగా ఉండి ఒక్కటే కడిగినట్టు తెల్లగా ఉంటే, ఆ సిలిండర్లోకి నీళ్లు వెళ్లాయన్న అనుమానం బలపడుతుంది. ఫ్యూయల్, ఇగ్నిషన్ ఆపి, మొహం దూరంగా పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే, నీళ్లుంటే రంధ్రంలోంచి చిమ్ముతాయి. ప్లగ్గులు విప్పకుండా కొడితే నీళ్లు బయటికి పోలేక, పిస్టన్‌ను పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది.

ఇప్పుడు కంప్రెషన్ టెస్ట్, అంటే సిలిండర్లో పిస్టన్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో ప్లగ్ రంధ్రంలో గేజ్ పెట్టి కొలవడం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్ రీడింగ్ రాసుకోండి. పెట్రోల్ ఇంజన్లలో మామూలుగా 150 నుంచి 200 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా ఉంటుంది. అంకె కన్నా తేడా ముఖ్యం. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు ఒకేలా పడిపోతే, ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద సీలులా ఉండే పలుచటి రేకు) కాలిందని ముందుగా అనుమానించాలి. డీజిల్‌కు కంప్రెషన్ ఎక్కువ కాబట్టి గేజ్ వేరే.

ఇవన్నీ బాగుంటే కొత్త పంప్ వేసి, కూలెంట్ నింపి, గాలి తీయండి. మొదట్లో రేడియేటర్ నోట్లో బుడగలు మామూలే. గాలంతా పోయాక కూడా ఆగకుండా వస్తూ, రేస్ చేసినప్పుడల్లా పెరిగితే అవి సిలిండర్లోంచి కూలెంట్‌లోకి వచ్చే మంట గ్యాస్ బుడగలు. రేడియేటర్ నోటి దగ్గరి గాలిని నీలం ద్రవంలోంచి పంపి చేసే గ్యాస్ టెస్ట్ దీన్ని తేలుస్తుంది. పెట్రోల్ బండిలో మంట గ్యాస్ కలిస్తే ద్రవం పసుపుకు మారుతుంది.

బండి చూడకుండానే 'హెడ్ దింపాల్సిందే' అనే మెకానిక్ ఎక్కడైనా ఉంటాడు. కంప్రెషన్ రీడింగులు కాగితం మీద రాసిమ్మనండి. రాయనంటే ఇంకో షెడ్డుకు పోవడం మేలు.

ఈ వారం పని: బాగున్న మీ బండికే కంప్రెషన్ చూపించి, అంకెలు సర్వీస్ బుక్కులో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠంలో దింపిన హెడ్ వంగిందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌లతో కొలుద్దాం.