జమ్ములో దాగిన రీడ్ వార్బ్లర్‌ను చూడాలంటే

రీడ్ వార్బ్లర్ అంటే జమ్ము పొదల్లో దాక్కునే గోధుమరంగు పిట్ట. దాన్ని చూడాలంటే గోదావరి డెల్టాలో మురుగుకాలవల వెంట, చెరువుల అంచున జమ్ము, కిక్కిస దట్టంగా పెరిగి, మొదళ్ల దగ్గర నీళ్లు నిలిచిన చోటు వెతకండి. చలికాలంలో తెల్లవారాక మొదటి రెండు గంటలే సరైన వేళ. గాలి లేచిందంటే జమ్మంతా ఊగుతుంది, పిట్ట కదిపిన కాడ ఏదో తెలియదు.

సూర్యుణ్ణి వీపున పెట్టుకుని, పొదకు పది పదిహేను మీటర్ల దూరంలో గట్టుమీదే కూర్చోండి. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ చాలు. ముందు చెవి పెట్టండి: 'చక్' అని గరుకుగా, గట్టిగా అరుస్తుంది. ఆ అరుపు వచ్చిన వైపు ఒక్క కాడే వణుకుతుంటే అక్కడే చూపు నిలపండి. పావుగంటైనా కదలకూడదు.

గుర్తుపట్టడంలోనే చాలామంది తడబడతారు. జమ్ములో మనం వెతికేది క్లామరస్ రీడ్ వార్బ్లర్‌ను; పొడవు సుమారు 18–20 సెంటీమీటర్లు. పొడవైన ముక్కు, కంటిపై లేత గీత, పైన గోధుమరంగు, కింద తెలుపు. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్‌ది ఇదే పోలిక, కానీ బాగా చిన్నది. నీటికి దూరంగా కంచెల్లో, తోటల్లో కూడా తిరుగుతుంది.

ఫోన్‌లో దాని పాట వినిపించి పిలవకండి; మేత మానేసి బెదురుతుంది. ఫొటో కోసం జమ్ము విరిచారా, దాని చాటే పోతుంది.