ఇంట్ల పెద్దోళ్ల మనసు, పాఠం 4: మర్చిపోవుడు వేరే, మొదలువెట్టలేకపోవుడు వేరే

పోయిన పాఠంల డిప్రెషన్ ఉన్న పెద్దోళ్లకు రోజు పనులు లిస్టు రాసి గోడకు అంటియ్యమన్న, అది నా తప్పే. మిర్యాలగూడ దిక్కు చెల్లె ఒకామె పదకొండు పనులు రాసి అంటిచ్చిందట, వాళ్లవ్వ అది చూసి దుప్పటి ముసుగేసుకున్నదట. ఇంకో తమ్ముడు "అన్నా, నాయిన లిస్టు సదువుతుండు కానీ లేస్తలేడు" అన్నడు. అందుకే కొత్త పాఠం పక్కకువెట్టి ఇదే చూద్దాం.

డిప్రెషన్ అంటే ఏడ్సుడు అనుకుంటం, పెద్దోళ్లల్ల చానామంది ఏడ్వనే ఏడ్వరు, మోకాళ్లు గుంజుతున్నయ్, నిద్ర వడ్తలేదు, దేని మీద మనసు పోతలేదు అంటరు. దాంతోని కొందరికి ఇంకోటి దెబ్బతింటది: పని మొదలువెట్టుడు, వరుస వెట్టుకునుడు, మధ్యల మార్చుకునుడు. ఇదంత నొసలు వెనకాల ఉన్న మెదడు చూసుకునే పని. బీపీ, షుగర్ ఏండ్లకేండ్లు ఉంటే లోపలి సన్న రక్తనాళాలు పాడై ఈ దారులు కూడ దెబ్బతినొచ్చు. గిసొంటోళ్లకు డిప్రెషన్ గోళీలు ఒక్కటే అంత తొందరగ పనిజెయ్యకపోవచ్చు, అట్లని బంద్ జెయ్యకుండ్రి, అది డాక్టర్ చెప్పాలె.

మా అమ్మ నలభై ఏండ్లు జొన్నరొట్టెలు జేసింది. ఒకనాడు ఎసరు మరుగుతుంది, పళ్లెంల పిండి ఉన్నది, ఊకెనే నిలవడ్డది. ఎట్ల జేస్తరే అంటే ఎసరు పోసుడు, పిసుకుడు, చరుసుడు, పెంక మీద ఏసి నీళ్లు అద్దుడు, అన్నీ చెప్పింది. మరి చెయ్యే అంటే "ఏమో బిడ్డా, చెయ్యి లేస్తలేదు" అన్నది. నేనే పిండి పిసికి ముద్దజేసి చేతిల వెట్టిన, టపటప నాలుగు రొట్టెలు చరిసింది.

ఇగ నాకు ఒళ్లు మండేది ఒక్కటుంది. "ఎందుకు చేస్తలేవ్?", "ఇయ్యాల ఏం జేస్తవ్?" అని అడుగుడు. అరే, ఏం జెయ్యాల్నో ఆలోచించి వరుస వెట్టుకునుడే కదా ఆ పెద్దమనిషికి వస్తలేనిది, నువ్వు మళ్ల అదే అడుగుతున్నవ్! జవాబు రాకపోతే బద్ధకం అంటవ్, కావాలనే చేస్తుండు అంటవ్, ఆయన ఇంకింత ముడుసుకుంటడు. ప్రశ్న బంద్‌వెట్టి మొదటి అడుగు చేతికియ్యి. "తానం జేస్తవా?" కాదు, "నీళ్లు తోడిన, తువ్వాల ఇగో." "గోళీలేసుకున్నవా?" కాదు, గోళీ, గిలాసల నీళ్లు తెచ్చి చేతిల వెట్టు. "పింఛన్ తెచ్చుకోరాదే" కాదు, "పాసుబుక్కు జేబుల వెట్టుకో, నేను బండి తీస్త." "బత్తాయి తోట చూసి రారాదు" కాదు, "గట్టు పక్క మొదటి చెట్టుకాడ డ్రిప్పు పైపు కారుతుందేమో చూద్దాం, చెప్పులేస్కో." మొత్తం మనమే చేస్తే కూడ లాభం లేదు, నేను రొట్టెలు చెయ్యలే, ముద్దే ఇచ్చిన. పొద్దుగాల చాయ్ తాగినంక ఒక్క పని, నాకైతే అదే కుదిరింది.

ఇది డిమెన్షియానా, అంటే మతిమరుపు రోగమా అని అడిగినోళ్లకు: కొన్ని వారాలల్ల వస్తే డిప్రెషన్ మీద అనుమానం, ఏండ్ల మీద మెల్లగ పెరిగితే డిమెన్షియా మీద, రెండూ కలిసి కూడ ఉండొచ్చు. థైరాయిడ్, బి12 పరీక్షలు, చెవులు చూపియ్యుండ్రి. రెండ్రోజులల్ల ఒక్కసారే తిక్కతిక్క మాట్లాడితే అదే రోజు దవాఖానకు. "సచ్చిపోతే బాగుండు" అంటే ముసలితనం మాట అని కొట్టిపారెయ్యకుండ్రి, పురుగుల మందు డబ్బాలు ఇంట్లకెల్లి తీసేసి, ఒంటరిగ ఇడువకుండ, మనసు బాధలకు సర్కారు వెట్టిన ఫోన్ లైను టెలిమానస్ 14416కు ఫోన్ జెయ్యుండ్రి, తెలుగుల మాట్లాడుతరు, పైసలు తీసుకోరు.

ప్రాక్టీసు మర్చిపోయిన. వారం రోజులు ఆ మనిషితోని "ఎందుకు" అనే మాట అనొద్దు, అన్నప్పుడల్ల క్యాలెండర్ మీద ఒక గీత. మొదటి రోజు మా ఇంట్ల పదిహేడు వడ్డయ్, అందుల పన్నెండు నావే.