తనను తాను గాయపరచుకుంటున్న విద్యార్థితో ఎలా మాట్లాడాలి?

జూనియర్ కళాశాల హాస్టళ్లలో ఈ పని చాలాసార్లు చేశాను. చెడగొట్టినవారిని అంతకంటే ఎక్కువసార్లు చూశాను. కావలసినవి తలుపున్న గది, రెండు కుర్చీలు, మంచినీళ్లు, ఒక గంట సమయం. కుర్చీలు పక్కపక్కనే వేయాలి, ఎదురెదురుగా వేయరాదు.

ముందుగా ఫీజు బకాయి ఎంతో, ఇంట్లో సంపాదించేది ఎవరో, కులం పేరుతో ఎవరైనా మాటలంటున్నారేమో తెలుసుకోండి. కలిగిన ఇళ్ల పిల్లలూ గాయపరచుకుంటారు. అయితే బకాయిల జాబితాలో తన పేరు తరగతి అంతా వినేలా చదివితే, ఆ అవమానాన్ని ఇంట్లో చెప్పుకోలేని పిల్లవాడికి ప్రమాదం ఎక్కువ.

తర్వాతది అడగడం. అందరూ తప్పేది ఇక్కడే. "నిన్ను నువ్వు గాయపరచుకుంటున్నావా?" అని గొంతు పెంచకుండా, తిన్నగా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అన్నది విడిగా అడగాలి, ఎందుకంటే గాయపరచుకునే వారందరూ చావు కోరుకోరు, అలాగని కోరుకోవడం లేదని మనమే తీర్మానించుకోనూ రాదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నిరాధారం.

అడిగాక మౌనంగా ఉండండి. గాయం చూపించమనవద్దు. "మీ నాన్న అప్పు చేసి చదివిస్తుంటే ఇదా నువ్వు చేసేది?" అన్నారంటే, ఆ పిల్లవాడు రాత్రంతా తనను తాను అనుకుంటున్న మాటనే మీరూ అన్నట్టు. ఒట్టు వేయించుకోవద్దు, ఒట్టు తప్పినవాడు మళ్లీ మీ ముఖం చూడడు. ఎవరికీ చెప్పనని మీరూ మాట ఇవ్వవద్దు.

చావాలనిపిస్తోందంటే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలక, అదే రోజు వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆ తర్వాత బకాయికి గడువు ఇప్పించండి. యాజమాన్యాలు ఇష్టపడే స్ఫూర్తి ప్రసంగాల కంటే, హాల్ టికెట్ ఆపబోమన్న ఒక్క హామీ మేలు చేయడం నేను చూశాను. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో తీర్పునిస్తూ సుప్రీంకోర్టు, వంద లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో అర్హులైన కౌన్సెలర్ ఉండాలనీ, సాధ్యమైనంత వరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయరాదనీ చెప్పింది. ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

చివరగా ఇంటివారికి చెప్పాలి. ముందు ఎవరికి చెప్పాలో విద్యార్థినే అడగండి. ప్రాణాపాయం లేనప్పుడు కూలికి వెళ్లే తల్లిని పగలు కళాశాలకు రప్పించవద్దు: ఆమెకు ఒక రోజు కూలి పోతుంది, ఆ లెక్క కూడా పిల్లవాడు తన ఖాతాలోనే వేసుకుంటాడు. ఆమె పని నుంచి వచ్చాక, సాయంత్రం మీరే ఫోన్ చేయండి.