మెట్టభూమిలో జీడి వేయాలా, బాదం వేయాలా?

ఇరాన్‌లోనూ కాలిఫోర్నియాలోనూ బాదం, పిస్తా తోటలు పొడి నేలల్లోనే కాస్తున్నాయి గనుక మన మెట్టల్లోనూ కాయాలని చాలామంది అనుకుంటారు. ఆ చెట్లు వేసవి ఎండను తట్టుకుంటాయన్నది నిజమే. అయితే చలికాలంలో ఆకు రాల్చిన తరువాత మళ్లీ సరిగా పూత రావాలంటే, సుమారు 7 డిగ్రీల లోపు చలి బాదానికి కొన్ని వందల గంటలు, పిస్తాకు ఇంకా ఎక్కువ గంటలు తగలాలి. అనంతపురంలో గాని, మహబూబ్‌నగర్‌లో గాని అంత చలి దొరకదు. మొక్క బతికినా కాపు మీద ఆశ పెట్టుకోలేము. పైగా పిస్తాలో ఆడచెట్లు, మగచెట్లు వేరు కాబట్టి, రెండూ ఉంటేనే కాపు వస్తుంది. మన వీధుల్లో వెడల్పాటి ఆకులతో నీడనిచ్చే బాదం చెట్టు వేరే జాతి. దాని పప్పు తినదగినదే గాని, పెంకు పగలగొట్టిన శ్రమకు దక్కేది సన్నని పలుకు మాత్రమే. నీడకు ఒక చెట్టు వేసుకోవచ్చు, తోటగా వేయడం దండగ.

కాబట్టి వేడి మెట్టకు మొదట ఆలోచించవలసింది జీడిమామిడి. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తెచ్చిన ఈ చెట్టుకు చలి అక్కరలేదు; ఎర్రనేల, గరప, ఇసుకనేల దానికి నప్పుతాయి. నీరు నిలిచే నల్లరేగడి, చౌడు మాత్రం పనికిరావు. నేల మీద అనుమానముంటే రెండడుగుల గుంత తీసి, నీటితో నింపి, అది ఇంకాక మళ్లీ నింపి చూడాలి. రెండవసారి పోసిన నీరు మరునాటికీ నిలిచి ఉంటే ఆ చోట జీడి ఆలోచన మానుకోవడమే మేలు. వాన బాగా తక్కువగా ఉండే ప్రాంతంలో, పిందె దశలో నీరివ్వగల ఏర్పాటు లేకుండా పెద్ద విస్తీర్ణంలో వేయకూడదని నా అభిప్రాయం.

గింజ నాటి పెంచిన చెట్టు తల్లిచెట్టు లాగే కాస్తుందన్న నమ్మకం లేదు, ఎందుకంటే జీడిలో పరపరాగ సంపర్కం, అంటే ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టు పూతకు చేరడం, ఎక్కువ. అందుచేత అంటు మొక్కలే కొనాలి. బాపట్ల పరిశోధన స్థానం రూపొందించిన బి.పి.పి.-8 రకంలో గింజ సుమారు 8 గ్రాములు తూగుతుంది. కొనేటప్పుడు అంటు కట్టిన చోటు బాగా అతుక్కుందో లేదో, సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకున్నాయేమో చూడాలి. మొక్క ఎత్తుగా ఉందని మురిసిపోవడం కన్నా ఈ రెండు చూడటం ముఖ్యం.

తొలకరి వానలు నిలదొక్కుకున్నాక, రెండడుగుల గుంతల్లో, 7 మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి 80 మొక్కల వరకు పడతాయి. అంటు కట్టిన చోటు నేలలో పూడకూడదు. దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి, లేకపోతే అంటు చచ్చి నాటు చెట్టు మిగులుతుంది. మొదటి రెండేళ్లలో వచ్చిన పూతను తీసివేసి, ఆ రెండు వేసవుల్లో పాదులకు నీరు పోసి, ఎండాకు కప్పి కాపాడాలి. వరుసల మధ్య వేరుసెనగ, ఉలవ వేసుకోవచ్చు. జీడి పూత కొమ్మల చివర వస్తుంది కాబట్టి, చెట్లు కలిసిపోయి లోపల ఎండ పడకపోతే కాపు పైఅంచుకే పరిమితమవుతుంది. చిగురు, పూత వేళల్లో రసం పీల్చే టీ దోమ అనే పురుగును, ఏడాది పొడుగునా మొదలు దగ్గర రంపపు పొట్టులాంటి పిప్పిని గమనించాలి. ఆ పిప్పి కాండం తొలిచే పురుగుకు గుర్తు.

తీరప్రాంతంలో గాలివాననూ లెక్కలోకి తీసుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చివేసింది.

ఓపికగల వారికి మరొక చెట్టు ఉంది: సారపప్పునిచ్చే మొర్రి. తెలంగాణ అడవుల్లో, రాళ్లనేలల్లో, ఎవరూ నీరు పోయకుండానే అది పెరుగుతుంది, వేసవిలో పండ్లిస్తుంది. పెరుగుదల నెమ్మది, పెంకు గట్టిది. గింజ పాతబడితే మొలక తగ్గుతుంది గనుక, పండు తిన్న వెంటనే కడిగి నాటాలి. దీన్ని ఆదాయానికి ముఖ్యమైన తోటగా కాకుండా, జీడికి పనికిరాని రాతి గట్ల మీద పది పదిహేను చెట్లుగా వేసుకోవడం సబబు.