సెలూన్‌లో పుస్తకాల అర ఏర్పాటు చేయడం ఎలా?

అమెరికాలో నల్లజాతివారి వాడల్లో సెలూన్ అంటే జుట్టు కత్తిరించే చోటు మాత్రమే అనుకుంటే పొరపాటే. రాజకీయాలు, బాస్కెట్‌బాల్, చర్చి సంగతులు, ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరి కొడుకు కాలేజీలో చేరాడు, అన్నీ అక్కడే తేలతాయి. తండ్రులు కొడుకుల్ని వెంటబెట్టుకుని వస్తారు. శనివారమైతే వంతు కోసం చాలాసేపు కూర్చోవలసిందే. ఆ కాసేపూ పిల్లవాడి చేతికి పుస్తకం అందేలా చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అమెరికాలో ఉంటూ చుట్టుపక్కల వాళ్లకు ఏదైనా చేయాలనుకునే తెలుగువారూ ఇందులో చేయి వేయవచ్చు.

ఈ దారి ఇప్పటికే వేసి ఉంది. న్యూయార్క్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పిన ఆల్విన్ ఇర్బీ, తన బడి ఎదురుగా ఉన్న సెలూన్‌లో తన విద్యార్థి ఒకడు ఏమీ తోచక కూర్చుని ఉండటం గమనించాడు. వాడి చేతిలో పుస్తకం ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అలా పుట్టిందే ‘బార్బర్‌షాప్ బుక్స్’ సంస్థ. 2017లో నేషనల్ బుక్ ఫౌండేషన్ దానికి బహుమతి ఇచ్చింది.

1. యజమానితో మాట్లాడండి

శనివారం వెళ్లకండి. రద్దీ లేని రోజు పొద్దున వెళ్లి కూర్చోండి. “మీ పిల్లలు చదవడం లేదు కాబట్టి మేం వచ్చాం” అన్న ధోరణి మాటల్లో ఎక్కడా రాకూడదు. దక్షిణ కరోలైనాలో బానిసలకు రాయడం నేర్పడాన్ని 1740లోనే చట్టం నిషేధించింది. ఉత్తర కరోలైనాలో 1830లో చదవడం నేర్పడమూ నేరమైంది. తర్వాత గొప్ప వక్తగా, రచయితగా పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ డగ్లస్, ఆ రోజుల్లో బాల్టిమోర్‌లో బానిసగా ఉన్న పిల్లవాడు. రొట్టె ముక్కలు జేబులో వేసుకుని వీధిలోకి వెళ్లేవాడు. ఆకలితో ఉన్న తెల్లపిల్లలకు అవి పెట్టి, బదులుగా అక్షరాలు చెప్పించుకునేవాడు. ఇలాంటి చరిత్ర ఉన్నవారికి చదువు విలువ గురించి మనం ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు.

అర ఎక్కడ పెట్టాలి, ఏ పుస్తకాలు ఉండాలి అన్నవి బార్బర్‌నే నిర్ణయించనివ్వండి. ఆయన సెలూన్‌కు ఎంత విలువ ఉంటుందో 2018లో వెలువడిన లాస్ ఏంజిలెస్ అధ్యయనం చూపించింది. 52 సెలూన్లలో 319 మంది నల్లజాతి పురుషుల మీద జరిగిన ఆ పరిశోధనలో, సెలూన్‌కే ఫార్మసిస్టు వచ్చి మందులిచ్చిన వారికి ఆరు నెలల్లో రక్తపోటు పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది. బార్బర్ సలహా మాత్రమే విన్నవారికి తగ్గింది 9 పాయింట్లు. నిపుణుడు ఉండాలి, సరే. కానీ ఆ నిపుణుడి దగ్గర మనుషులు కుదురుగా కూర్చున్నది ఆ కుర్చీ వల్లే.

2. అరను పిల్లల కంటి ఎత్తులో పెట్టండి

గోడ మీద ఎత్తుగా పెట్టిన అర చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ ముట్టరు. నేలకు దగ్గరగా, టీవీకి దూరంగా, పుస్తకాల వీపులు కాకుండా అట్టలు కనబడేలా అమర్చండి. కత్తిరించిన వెంట్రుకలు అంతటా ఎగురుతుంటాయి కాబట్టి, గుడ్డతో తుడిస్తే పోయేలా నున్నటి అట్ట ఉన్నవి చూసుకోండి. పదిహేను పుస్తకాలు చాలు.

3. పుస్తకాల ఎంపిక: అసలు కష్టం ఇక్కడే

1985లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని పిల్లల పుస్తక కేంద్రం లెక్క చూస్తే, ఆ ఏడాది అమెరికాలో వచ్చిన దాదాపు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలో చిత్రకారులో చేసినవి 18 మాత్రమే. ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. పిల్లల పుస్తకాలు చేసే నల్లజాతి రచయితలకు, చిత్రకారులకు 1970 నుంచి ఇస్తున్న కొరెట్టా స్కాట్ కింగ్ పురస్కారాల జాబితా తీసుకుంటే మంచి పునాది దొరుకుతుంది. సెలూన్‌లో కొత్త క్రాఫు చేయించుకున్న కుర్రాడి గర్వమే కథగా 2017లో వచ్చిన ‘క్రౌన్’ ఇక్కడ ఉండితీరాలి. అమెరికా పిల్లల సాహిత్యంలో పేరున్న న్యూబెరీ పతకం గెలిచిన మొదటి బొమ్మల నవల ‘న్యూ కిడ్’ కొంచెం పెద్ద పిల్లలకు.

అయితే మంచి ఉద్దేశంతో చాలామంది బానిసత్వం, పౌరహక్కుల పోరాటం పుస్తకాలతోనే అర నింపేస్తారు. అవి కావాలి. కానీ ఎనిమిదేళ్ల వాడు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన చోట ప్రతి అట్ట మీదా సంకెళ్లే కనిపిస్తే వాడు ఫోన్ తీసుకుంటాడు. సొరచేపలు, జోకులు, అంతరిక్షం, అపానవాయువు మీద హాస్యం కూడా ఉండాలి. ముందు వాడు నవ్వాలి. మీకు నచ్చినవి కొనేముందు అక్కడికి వచ్చే నలుగురు పిల్లల్ని అడగండి.

4. బార్బర్‌ను పంతులుగా మార్చకండి

అమెరికా ప్రభుత్వ బడుల ఉపాధ్యాయుల్లో నల్లజాతి పురుషులు 2 శాతం కూడా లేరు. తనలాంటి మగవాడు పుస్తకం పట్టుకోవడాన్ని బడిలో ఎన్నడూ చూడని కుర్రాళ్లు ఉన్నారు. అందుకే కత్తెర ఆడిస్తూ బార్బర్ అడిగే “ఆ బొమ్మలో వాడెందుకు ఏడుస్తున్నాడురా?” అన్న ఒక్క ప్రశ్న చాలు. తప్పులు దిద్దడం, ప్రశ్నపత్రం పెట్టడం వద్దు. మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీలో ఒక సెలూన్, పైకి చదివి వినిపించిన పిల్లలకు రెండు డాలర్లు తగ్గించేది. యజమానికి ఇష్టమైతే అదీ చేయవచ్చు.

5. తండ్రిని కలుపుకోండి

ఇక్కడ జాగ్రత్త. సరిగా చదవలేని తండ్రులూ ఉంటారు, ఆ సంగతి కొడుకు ముందు బయటపడటం వారికి చావుతో సమానం. కాబట్టి మాటల్లేని బొమ్మల పుస్తకాలు రెండు మూడు తప్పకుండా ఉంచండి. పేజీ తిప్పుతూ సొంతంగా కథ అల్లి చెప్పడానికి అక్షరాలతో పని లేదు. పెద్దల కోసం క్రీడాపత్రికలు, జీవితచరిత్రలు వేరే అరలో పెట్టండి. వయోజనులకు చదువు నేర్పే స్థానిక తరగతుల చీటీని గోడకు అతికించకుండా ఆ పుస్తకాల మధ్యలో దూర్చండి. ఎవరికి కావాలో వారు ఎవరికీ తెలియకుండా తీసుకుంటారు.

తండ్రి జైల్లో ఉన్న ఇళ్లనూ మరచిపోవద్దు. బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీ ‘టెలీస్టోరీ’ పేరుతో, జైల్లో ఉన్నవారు వీడియోలో తమ పిల్లలతో కలిసి పుస్తకం చదివే ఏర్పాటు చేసింది. మీ ఊరి గ్రంథాలయంలో అలాంటిది ఉందేమో కనుక్కుని బార్బర్‌కు చెప్పి ఉంచండి.

6. పోయిన పుస్తకాలు

పోతాయి. రిజిస్టరు పెట్టకండి, జరిమానా అసలే వద్దు. పిల్లవాడు ఇంటికి పట్టుకుపోయిన పుస్తకం ఏదో చూసుకుని, అదే మళ్లీ కొని పెట్టండి. గ్రంథాలయాలు అప్పుడప్పుడూ పాత పుస్తకాలను చవగ్గా అమ్ముతుంటాయి, ఆ తేదీలు ముందే రాసి పెట్టుకోండి. నెలకొకసారి వెళ్లి చిరిగినవి తీసేసి, ఎవరూ ముట్టనివాటిని మార్చండి.