అబద్ధ బోధను పరీక్షించడం – 3వ పాఠం: వచనాన్ని దాని అధ్యాయంలో పెట్టి చదవడం

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. ముందుగా పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసం సరిచూసుకుందాం. ‘దేవుడు అందరికంటే ముందు సృజించింది యేసునే’ అని ఒక బోధకుడు కొలొస్సయులకు 1:15లో ‘సర్వసృష్టికి ఆదిసంభూతుడు’ (అంటే మొదట పుట్టినవాడు) అన్న మాట చూపిస్తే ఏం జవాబు చెప్తారని అడిగాం. విశ్వాస ప్రమాణంతో కొలిస్తే ఆ మాట నిలవదు. అది కొత్తది కూడా కాదు. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే గురువు ఇదే బోధించాడు. 325లో నీకయ పట్టణంలో బిషప్పులు కూడి, కుమారుడు సృజింపబడినవాడు కాడని తేల్చారు. ఇంతవరకు చాలామంది రాసే ఉంటారు. కానీ జవాబు అంతకంటే దగ్గరలో, అదే పేజీలో ఉంది. 16వ వచనం ‘సర్వమును ఆయన ద్వారాను ఆయననుబట్టియు సృజింపబడెను’ అంటుంది. 17వ వచనం ఆయన అన్నిటికంటే ముందుగా ఉన్నవాడని చెప్తుంది. సర్వం ఆయన ద్వారా కలిగితే, ఆ సర్వంలో ఆయనా ఒకడు ఎట్లా అవుతాడు? వేలు రెండు వచనాలు కిందికి జరిపితే బోధ తప్పని తెలిసిపోయింది. ఈ వారం నేర్చుకునేది ఆ పనే.

వచనం చూపించినంత మాత్రాన బోధ నిజమైపోదు. ఆరియస్ పక్షంవాళ్లు కూడా, యెహోవా నన్ను మొదట కలుగజేశాడని జ్ఞానం చెప్పే సామెతలు 8:22 చేతబట్టుకునే వాదించారు. అంతకుముందే మత్తయి 4:6లో సాతాను 91వ కీర్తన చదివి వినిపించాడు. ఆ కీర్తన 11వ వచనం తీసి పక్కన పెట్టి చూడండి, ‘నీ మార్గములన్నిటిలో’ అన్న మాట సాతాను నోట రాలేదు. యేసు ఆ కీర్తన అబద్ధమనలేదు, ‘మరియొకచోట వ్రాయబడియున్నది’ అని ద్వితీయోపదేశకాండము 6:16 ముందు పెట్టాడు. వచనం నిజమే, వాడిన తీరు అబద్ధం. పాసుపుస్తకంలో సర్వే నంబరు ఒక్కటి చూసి, హద్దులు చూడకుండా ఎవరూ భూమి కొనరు. వచనానికి ముందువెనక ఉన్న మాటలే దాని హద్దులు.

కూడికలో రాసుకోవలసింది

ఒక నోటుబుక్కు, పెన్ను, మీరు రోజూ చదివే బైబిలు చాలు. పాత అనువాదం భాష కష్టమనిపిస్తే వాడుక భాషలో ఉన్న అనువాదం ఒకటి పక్కన పెట్టుకోండి.

వాక్యం వింటున్నప్పుడు మూడు సంగతులే రాయండి: బోధకుడు చూపిన వచనం, దాని నుంచి ఆయన తేల్చిన మాట (ఆయన మాటల్లోనే, ఒక్క వాక్యంలో), చివరికి మనల్ని చేయమన్న పని. మూడోది చాలామంది వదిలేస్తారు. అదే ముఖ్యం. ‘దేవుడు నమ్మదగినవాడు’ అన్న మాటతో మొదలైన ప్రసంగం ‘కాబట్టి ఈ నూనె సీసా కొనండి’ దగ్గర ఆగితే, మొదటి మాట నిజమే అయినా చివరి మాటకు వచనం లేదు. చేయమన్న పని రాసుకోకపోతే ఈ తేడా ఇంటికొచ్చాక కనిపించదు.

ఫోనులో వింటే నిమిషం, సెకను కూడా రాయండి. నిమిషం లోపు ముక్క వీడియో చూసి ఎవరి మీదా తీర్పు చెప్పవద్దు, పూర్తి ప్రసంగం వెతికి వినండి. బోధకుడు వచనాన్ని ముక్క చేయడం ఎంత తప్పో, మనం బోధకుడి మాటను ముక్క చేయడం అంతే తప్పు.

ఇంట్లో ముప్పై నిమిషాలు

ముందు అధ్యాయం మొత్తం ఆగకుండా ఒకసారి చదవండి. అది చిన్న పత్రికలో ఉంటే పత్రిక మొత్తం చదవండి. ఫిలిప్పీయులకు రాసింది నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. పత్తి ఏరే రోజుల్లో ఒంట్లో ఓపిక లేకపోతే రెండు రాత్రులకు పంచుకోండి, కానీ సగంలో ఆపి తీర్పుకు రావద్దు.

రెండోసారి చదివేటప్పుడు ఈ ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది ఎవరు, ఎవరితో చెప్తున్నారు? దీనికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం చెప్పారు? ఈ మాట ఆజ్ఞా, వాగ్దానమా, ప్రార్థనా, జరిగిన సంగతి చెప్పడమా? బైబిల్లో ఇంకోచోట దీన్ని ఎట్లా వాడారు? ఇవి అయ్యాకే ‘నాకేం చెప్తుంది’ అన్న ప్రశ్న. ఆ ప్రశ్నతో మొదలుపెడితే ప్రతి వచనమూ మన గురించే రాసినట్టు కనిపిస్తుంది.

చదువు రాని పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో సండేస్కూలుకు పోయే పిల్లలతో అధ్యాయం రెండుసార్లు బిగ్గరగా చదివించండి. స్త్రీల సమాజంలో ఒకరు చదివి, మిగతావాళ్లు ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్తే ఇంకా మంచిది. విన్నది గుర్తుపెట్టుకోవడంలో మన అవ్వలు చదువుకున్నవాళ్ల కంటే ముందుంటారు.

చేసి చూద్దాం: యిర్మీయా 29:11

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసే వాగ్దానపు కార్డుల మీద ఎక్కువగా కనిపించే వచనాల్లో ఇదొకటి. నల్గొండ నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఎన్ని ఇళ్ల గోడల మీద ఉందో చూడండి. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు.’ దీన్ని చూపించి ‘ఈ సంవత్సరమే మీ అప్పు తీరుతుంది, ఈ సంవత్సరమే ఉద్యోగం’ అని చెప్తే ఎట్లా పరీక్షించాలి?

ఎవరు ఎవరితో? యెరూషలేములో ఉన్న యిర్మీయా ప్రవక్త, బబులోనుకు చెరగా పోయినవాళ్లకు రాసిన ఉత్తరం ఇది. క్రీ.పూ. 597లో యూదా రాజు యెకొన్యాతో పాటు పోయినవాళ్లు వాళ్లు. ముందు ఏముంది? 5వ వచనంలో ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అంటాడు. 7వ వచనంలో మీరు పోయిన పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి అంటాడు. బొంబాయికీ పుణెకూ వలసపోయిన కుటుంబాలున్న పాలమూరులో ఈ ఉత్తరం బరువు వేరే చెప్పనక్కరలేదు. ఇక 10వ వచనం: డెబ్బై సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తాను. ఉత్తరం అందేనాటికి నలభై ఏళ్లున్న మనిషి ఆ తిరుగు ప్రయాణం చూడడు. అతని మనవడు చూస్తాడు.

ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయానికి పోండి. అక్కడ హనన్యా అనే ప్రవక్త, రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని దేవాలయంలో జనం ముందు ప్రకటించి, బబులోను ఏలుబడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడి తీసి విరిచేశాడు. ప్రజలకు తీపిగా వినిపించింది హనన్యా మాటే. ఆ సంవత్సరం ఏడో నెలలో అతను చనిపోయాడు. 29:8-9లో మళ్లీ హెచ్చరిక: మీ మధ్య ఉన్న ప్రవక్తల చేత మోసపోవద్దు, నేను వాళ్లను పంపలేదు. అంటే, ‘తొందరలోనే అంతా అయిపోతుంది’ అని చెప్పే అబద్ధ ప్రవక్తలకు ఎదురుగా నిలబెట్టిన వచనాన్ని తెచ్చి, ‘తొందరలోనే అంతా అయిపోతుంది’ అని చెప్పడానికి వాడుతున్నారు. ఈ ఒక్క అధ్యాయం నెమ్మదిగా చదివిన విశ్వాసిని వాగ్దానపు కార్డుతో ఎవరూ మోసం చేయలేరు.

మరి వచనం మనది కాదా? మనదే. దేవుడు శిక్ష మధ్యలో కూడా తన ప్రజలను విడిచిపెట్టడని, ఆలస్యమైనా మాట తప్పడని ఇది చెప్తుంది. పారసీక రాజు కోరెషు మొదటి సంవత్సరంలో ఆ మాట నెరవేరిందని ఎజ్రా 1:1 సాక్ష్యమిస్తుంది. కార్డు చించేయనక్కరలేదు. దాని వెనక 29:4-14 అని రాసుకుని ఆ పదకొండు వచనాలూ కలిపి చదవండి.

ఇంకో చిన్న ఉదాహరణ. 3 యోహాను 2వ వచనంతో ‘విశ్వాసి ఎప్పుడూ ధనవంతుడిగా, ఆరోగ్యంగా ఉండాలన్నది దేవుని నియమం’ అని బోధిస్తారు. ఎవరు ఎవరితో అని అడగండి. యోహాను తన స్నేహితుడైన గాయుకు రాసిన ఉత్తరం మొదట్లో, నువ్వు బాగుండాలని ప్రార్థిస్తున్నానన్నాడు. అది ప్రార్థన. నియమం కాదు, వాగ్దానమూ కాదు.

జబ్బు విషయంలో మరింత జాగ్రత్త

యెషయా 53:5లో ‘అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది’ అని ఉంది. దీన్ని పట్టుకుని ‘స్వస్థత ఇప్పటికే అయిపోయింది, మాత్రలు వేసుకుంటే అవిశ్వాసం’ అనేవాళ్లున్నారు. ఇక్కడ తప్పితే ప్రాణం పోతుంది. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి మనిషి దక్కకపోవచ్చు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. దగ్గు తగ్గిందని మధ్యలో ఆపితే క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. ఇన్సులిన్ మీద బతికే మనిషికి ఒకటి రెండు రోజులు ఆపినా ముప్పే.

వచనం పరీక్షించండి. ఈ భాగం 53:1తో మొదలవలేదు, 52:13 నుంచి చదవాలి. 53:5, 6 వచనాల్లో అతిక్రమాలు, దోషాలు అన్న మాటలే మళ్లీ మళ్లీ వస్తాయి. 1 పేతురు 2:24 ఈ వచనాన్ని పాపం విషయంలో వాడింది. మత్తయి 8:17 అంతకుముందున్న 53:4ను యేసు రోగులను బాగుచేసినప్పుడు వాడింది. కాబట్టి దేవుడు స్వస్థపరుస్తాడన్నది నిజం, ప్రార్థన చేయాలి, యాకోబు 5:14 ప్రకారం సంఘపెద్దలను పిలిపించుకోవాలి. అక్కడ మందు పారేయమన్న మాట మాత్రం లేదు.

‘విశ్వాసం ఉంటే జబ్బు ఉండదు’ అన్నదాన్ని ఇంకోచోట్లతో కొలవండి. పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతికి తరచూ వచ్చే బలహీనతలకు పౌలు చెప్పిన ఉపాయం 1 తిమోతి 5:23లో ఉంది. పౌలు తన శరీరంలో ముల్లులా గుచ్చే బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుంటే ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. బాగుకాని తల్లికి, బిడ్డ చనిపోయిన తండ్రికి ‘మీ విశ్వాసం తక్కువ’ అని చెప్పేవాళ్లకు యోహాను 9:3 చూపించండి, పుట్టు గుడ్డివాడి విషయంలో అతనిది గాని అతని తల్లిదండ్రులది గాని పాపం కాదని యేసు అక్కడ చెప్పాడు. ‘విశ్వాసం తక్కువ’ అనడం పుండు మీద కారం చల్లినట్టే. అట్లా మాట్లాడే అధికారం వాక్యం ఎవరికీ ఇవ్వలేదు.

ఎక్కడ తప్పిపోతారు

మొదటిది, అధ్యాయం సంఖ్యల మీద ఆగిపోవడం. అధ్యాయాలుగా విడదీసింది 13వ శతాబ్దంలో, కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల సంఖ్యలు పెట్టింది 1551లో. వెతుక్కోవడానికి అవి మేలే, కానీ యెషయా 52:13 లాగ భాగం అధ్యాయానికి ముందే మొదలవుతుంటుంది. పైన ఇచ్చే శీర్షికలు కూడా అచ్చువేసినవాళ్లు పెట్టినవే.

ఒకే మాట వచ్చే వచనాలు పది ఏరి దండ గుచ్చడం ఇంకో పొరపాటు. పదింటినీ వాటి వాటి అధ్యాయాల్లో చదవకపోతే ఒక తప్పు పదింతలవుతుంది. ప్రసంగంలో వచనాలు గబగబా దొర్లిపోతుంటే అన్నీ రాసుకోవాలని చూడవద్దు. బోధ అంతా ఏ ఒక్కదాని మీద ఆనుకుని ఉందో దాన్నే పరీక్షించండి.

అన్నిటికంటే చెడ్డది, నేర్చుకున్న నాలుగు ముక్కలతో సంఘంలో పాస్టరయ్యను నిలదీయడం. పొరబడిన బోధకుడు వేరు, అబద్ధ బోధకుడు వేరు. అపొల్లో కొంతే తెలిసి బోధిస్తుంటే ప్రిస్కిల్ల అకులలు అతన్ని చేర్చుకుని పూర్తిగా వివరించారు (అపొ. కార్యములు 18:26). నలుగురిలో పరువు తీయలేదు. మీరూ ఆరాధన అయ్యాక, ఒంటరిగా, బైబిలు తెరిచి అడగండి: ‘అయ్యగారూ, మీరు చెప్పిన వచనం ఇంటికాడ మళ్ల చదివిన. పైన డెబ్బై ఏండ్లని ఉంది. మీరు ఈ ఏడే అన్నరు గదా, జర విప్పి చెప్తరా?’ మంచి కాపరి ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. బెరయ పట్టణంవాళ్లు పౌలు మాటలనే ప్రతిదినం పరిశోధించారు, వాళ్లను ఘనులని లేఖనం మెచ్చుకుంది. ‘దైవజనుణ్ని ప్రశ్నిస్తే శాపం’ అన్న జవాబు వస్తే అది నోటుబుక్కులో రాసి, సంఘపెద్దల దగ్గరికి పోండి. పెద్దలు లేని చిన్న సహవాసమైతే నమ్మకమైన ఇద్దరు ముగ్గురితో కలిసి మళ్లీ మాట్లాడండి. పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని 1 తిమోతి 5:19 చెప్తుంది, అది దాటవద్దు.

ఈ వారం అభ్యాసం

ఫిలిప్పీయులకు 4:13, లూకా 6:38, మత్తయి 18:20. ఒక్కోదానికి నోటుబుక్కులో ఒక పేజీ. మొదటిదానికి 4:11-12లో పౌలు దేన్ని ‘నేర్చుకున్నాను’ అంటున్నాడో చూడండి. రెండోదానికి 6:36-37 చదివి, అక్కడ ఇవ్వమన్నది డబ్బొక్కటేనా అని రాయండి. మూడోదానికి 18:15 నుంచి మొదలుపెట్టండి. ఆ ఇద్దరు ముగ్గురు ఎందుకు కూడారో తెలుస్తుంది.

4వ పాఠంలో, ప్రవచనం చెప్పినట్టే జరిగితే ఆ ప్రవక్తను నమ్మాలా అన్నది చూద్దాం. దానికి ద్వితీయోపదేశకాండము 13:1-3, 18:20-22 ముందే రెండుసార్లు చదివి, రెండు భాగాలకూ తేడా ఏమిటో ఒక్క వాక్యంలో రాసి ఉంచండి.